ముప్పై ఆరు పాయింట్ నాలుగు

పోయినవాటి లెక్క ముందు రాస్తాను. లెక్క రాయకుండా కథ చెప్పడం నాకు చేతకాదు.

షెడ్డులో దింపిన కోడిపిల్లలు మూడువేల రెండువందలు. ముప్పై ఏడు రోజుల్లో మామూలుగా చచ్చినవి డెబ్బై నాలుగు. ఆ పొద్దున బతికి ఉన్నవి మూడువేల నూట ఇరవై ఆరు. ఆ సాయంత్రానికీ మర్నాడు పొద్దుటికీ కలిపి చచ్చినవి రెండువేల రెండువందల నలభై ఎనిమిది. ఒక్కోటి సగటున కిలో ఆరువందల గ్రాములు. అంటే మూడువేల ఐదువందల తొంభై ఆరు కిలోల ఎనిమిదివందల గ్రాములు మట్టిలో కలిసింది. అవి అప్పటికి తిన్న దాణా, తలా మూడు కిలోల చొప్పున, ఆరువేల ఏడువందల నలభై నాలుగు కిలోలు. గోతులు రెండు. సున్నం బస్తాలు ఆరు. ఒక షెడ్డు కౌలు. భార్యాభర్తల మూడేళ్ళ కష్టం.

ఇవన్నీ వడగాలి ఖాతాలో వేయవచ్చు, చాలామంది వేశారు కూడా. ఇంకొకటి మాత్రం వడగాలి ఖాతాలో పడదు. ఒక మనిషి మాటమీద ఊరికి ఉన్న నమ్మకం. అది పోయింది నా నోటివల్ల.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. పేర్లు ఎవరివీ రాయను. నా పేరుతో కూడా మీకు పనిలేదు.

నేను ఇంజనీరును కాను. పదో తరగతి తర్వాత రెండేళ్ళు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నాను. మిగిలిందంతా కోఠిలో ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల నుంచి, కాల్చుకున్న వేళ్ళ నుంచి వచ్చింది. తొంభైల మొదట్లో మేడ్చల్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో చేరాను. మోటారు స్టార్టర్లు, కంట్రోల్ పెట్టెలు తయారుచేసేవాళ్ళం. మొత్తం ఎనిమిది మందిమి. యజమాని దేవరయాంజాల్ దగ్గర భూములున్న కుటుంబం వాడు. వ్యవసాయం వదిలి, రాజకీయంలోకి ఇంకా దిగక, మధ్యలో ఈ వర్క్‌షాపు పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. నెల మొదటి తారీఖున జీతం ఇవ్వని నెల పద్నాలుగేళ్ళలో ఒక్కటి కూడా లేదు.

వైరింగంతా ఒక పెద్దాయన చేసేవాడు. అందరం చాచా అనేవాళ్ళం. చదువు తక్కువ, చెయ్యి నిదానం. ఆయన బిగించిన స్క్రూ ఊడిపోయి వెనక్కి వచ్చిన పెట్టెను నేను చూడలేదు.

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్‌లో చిన్న కంప్యూటరు. మేం వాడే దానికి నలభై కాళ్ళు. అందులో ప్రోగ్రాం ఎక్కిస్తే, వేడి చూసి ఫ్యాన్ వేస్తుంది, నీరు చూసి మోటారు ఆపుతుంది. మొదట్లో ఆ పని నరకంలా ఉండేది. ప్రోగ్రాంలో ఒక అంకె తప్పు పడితే చిప్ ఊడదీసి, ఊదారంగు దీపం కింద ఇరవై నిమిషాలు పెట్టి చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ బిగించాలి. బోర్డు గీతల్లోనే తప్పుంటే బోర్డు మొత్తం పారేయాలి. ఒక్క పెట్టె నిలబడటానికి ఏడు బోర్డులు పారేసిన సంవత్సరం ఉంది. ఆ ఏడింటి ఖర్చు నా పుస్తకంలో ఇప్పటికీ ఉంది.

తొంభైల చివర్లో వర్క్‌షాపుకి కంప్యూటరు వచ్చింది. దానివెంట సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. తెరమీద చిప్ బొమ్మ పెట్టి, తీగలు గీసి, నేను రాసిన ప్రోగ్రాంనే ఆ బొమ్మలోకి ఎక్కించవచ్చు. నడిపితే బొమ్మలో బల్బు వెలిగేది, బొమ్మలో మోటారు తిరిగేది. తప్పు దొరికితే దిద్దుకుని మళ్ళీ నడపడమే. సోల్డర్ వాసన లేదు, పారేసే బోర్డు లేదు. ఆ మొదటి ఏడాది నేను మూడు పెట్టెలు తయారుచేశాను, మూడూ మొదటి బోర్డుతోనే నిలబడ్డాయి. యజమాని నా కుర్చీ మార్పించాడు. చేతులున్న కుర్చీ అది.

చాచాకి మాత్రం ఆ తెర నచ్చలేదు. టీ గ్లాసు పట్టుకుని నా వెనక నిలబడి చూసేవాడు.

"బేటా, గీ కంప్యూటర్ల కరెంటు ఏ సబ్‌స్టేషన్ నుంచి వస్తాంది?"

"ఎందుకు చాచా?"

"ఎప్పుడు జూసినా ఐదు వోల్టులే జూపెడతాంది. తగ్గదు, పెరగదు, పోదు. మా బస్తీకి గూడ గా లైన్ జర ఇప్పియ్యరాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వకుండా ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ అప్పట్లో కోళ్ళ షెడ్లు ఎన్నో ఉండేవి. కంపెనీ పిల్లల్ని ఇస్తుంది, దాణా ఇస్తుంది. షెడ్డు నడిపేవాళ్ళు నలభై రోజులు పెంచి అప్పజెప్పితే కిలోకి ఇంతని కూలి ఇస్తుంది. ఎండాకాలం వాళ్ళకి గండం. షెడ్డులో వేడి పెరిగితే ఫ్యాన్లు వేయాలి, ఇంకా పెరిగితే ఫాగర్లు తెరవాలి. ఫాగర్లంటే నీటిని మంచు తుంపరలా చల్లే చిన్న గొట్టాలు. ఎక్కువసేపు చల్లితే కింద పొట్టు తడిసి రోగం వస్తుంది, తక్కువైతే కోళ్ళు చస్తాయి. ఆ కొలత మనిషి చేత్తో పెట్టడం కష్టం. దానికి ఒక పెట్టె చెయ్యమని యజమాని అన్నాడు.

ఐదు నెలలు పట్టింది. ముప్పై రెండు డిగ్రీలు దాటితే ఫ్యాన్లు. ముప్పై ఆరు దాటితే ఫ్యాన్లతోపాటు ఫాగర్ పంపు రెండు నిమిషాలు, ఆగడం ఎనిమిది నిమిషాలు. పెట్టె ముందు ఒక చిన్న గాజు తెర, వేడి దశాంశంతో సహా చూపిస్తుంది. తెరమీది సిమ్యులేషన్‌లో దీన్ని అరవై మూడు రకాలుగా పరీక్షించాను. వేడి నెమ్మదిగా పెరిగితే, ఒక్కసారిగా పెరిగితే, వేడి కొలిచే తీగ తెగితే, పంపు మొరాయిస్తే, కరెంటు పోతే, పోయి వెంటనే వస్తే. అరవై మూడింటికి అరవై మూడు పాసు. రెండువందల పన్నెండు గంటలు నడిపాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ పట్టిక తీసుకెళ్ళి యజమాని బల్లమీద పెట్టినప్పుడు నాకున్న గర్వాన్ని ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎండాకాలం మొదలయ్యేలోపల ఇరవై మూడు పెట్టెలు అమ్మాం. అందులో ఒకటి శామీర్‌పేట అవతల ఒక షెడ్డుకి వెళ్ళింది.

ఆ షెడ్డు నడిపేది ఒక భార్య, భర్త. చేపలు పట్టే కుటుంబం. మూడేళ్ళు వరసగా చెరువులో నీళ్ళు నిలవకపోతే వలలు కట్టగట్టి అటకమీద పెట్టి, ఒక ఆసామి షెడ్డు కౌలుకి తీసుకున్నారు. పెట్టె బిగించడానికి చాచా, నేను వెళ్ళాం. భర్త మాట తక్కువ మనిషి, చెప్పిందంతా తల ఊపి వినేవాడు. ఆమె ఏడో తరగతి దాకా చదివింది, అన్నీ అడిగేది.

"సారు, గీ పెట్టె మమ్ముల జూసి నేర్సుకుంటదా, మేమే దీన్ని జూసి నేర్సుకోవాల్నా?"

"మీరేం నేర్చుకోనక్కరలేదు చెల్లె. ఒక్క పని చెయ్యండి. ఎండ ముదిరినప్పుడు అర్ధగంటకోసారి దీంట్ల కనపడే అంకె ఒక పుస్తకంల రాయండి. దశాంశం గూడ. చూసిందే రాయాలె, అందాజ మీద రాయొద్దు."

"అందాజ ఎందుకు రాస్త? కండ్లు లెవ్వా నాకు?"

భర్త అప్పుడొక్కసారే నవ్వాడు. "బడికి పోయిందని మా ఇంట్ల లెక్కలన్నీ దీనికే అప్పజెప్పిన సారు. నా బీడీల లెక్క గూడ రాస్తది," అన్నాడు.

పెట్టె బిగించాక మొదటి బ్యాచ్ బాగా వెళ్ళింది. రెండోది ముప్పై ఏడో రోజుకి వచ్చింది. ఇంకో నాలుగు రోజుల్లో కంపెనీ లారీ వచ్చి ఎత్తాలి.

ఆ రోజు జరిగింది నేను తర్వాత కూడదీసుకున్నది. బయట నలభై మూడు డిగ్రీలు. షెడ్డు రెండు పక్కలా గోనె పట్టాలు దించి ఉన్నాయి. భర్త ఆ పట్టాల మీద నీళ్ళు కొడుతున్నాడు. అంత ఎండలో షెడ్డు లోపలికి ఎవరూ పోరు. మనిషి అలికిడికి కోళ్ళు బెదిరి ఒకదాని మీద ఒకటి పడి చస్తాయి, అది ఆ పనిలో మొదటి పాఠం. పెట్టె బయట దాణా గదిలో ఉంది. ఆమె అర్ధగంటకోసారి వచ్చి అంకె రాసింది. పన్నెండింటికి ముప్పై మూడు పాయింట్ ఎనిమిది. పన్నెండున్నరకి ముప్పై ఐదు పాయింట్ ఒకటి. ఒంటిగంటకి ముప్పై ఆరు పాయింట్ నాలుగు. ఒకటిన్నరకి ముప్పై ఆరు పాయింట్ నాలుగు. రెండింటికి ముప్పై ఆరు పాయింట్ నాలుగు. రెండున్నరకి ముప్పై ఆరు పాయింట్ నాలుగు.

ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ హోరులో ఫాగర్ పంపు చప్పుడు ఎప్పుడూ వినపడదు. పెట్టె చూస్తే అంకె పెరగడం లేదు. వాళ్ళు ధైర్యంగానే ఉన్నారు. రెండూ నలభైకి ఆమెకి ఏదో తేడా అనిపించింది. ఫ్యాన్ల హోరు కింద ఎప్పుడూ ఉండే కోళ్ళ సద్దు లేదు. గోనె పట్టా ఎత్తి చూసింది. నేలంతా తెల్లగా పరుచుకుని ఉంది, ఏదీ కదలడం లేదు.

భర్త పరుగెత్తి పెట్టెమీద స్విచ్ చేతి నడకకి తిప్పాడు. పంపు వెంటనే మొదలైంది. అప్పటికి ఆలస్యం అయిపోయింది.

మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి గోతి సగం నిండింది. అక్కడున్నవాళ్ళని ఆ రోజు లెక్కపెట్టలేదు, తర్వాత చాలాసార్లు లెక్కపెట్టాను. నన్ను తీసేస్తే పద్నాలుగు మంది. ఆ భార్యాభర్తలు, షెడ్డు ఆసామి, కంపెనీ సూపర్‌వైజరు, కంపెనీ డాక్టరు, మా యజమాని, చాచా, గోతులు తవ్వే ముగ్గురు, పక్క షెడ్లవాళ్ళు నలుగురు.

నేను పెట్టె తలుపు తీసి చూశాను. ఏమీ కాలలేదు. రాత్రి ఒకసారి కరెంటు పోయి వచ్చిందట, తెరమీద అంకె మామూలుగానే మారుతోంది. మెయిన్ ఆపి వేశాను, చక్కగా మొదలైంది. వేడి కొలిచే ముక్కను వేడినీళ్ళ గ్లాసుకి ఆనించాను. ముప్పై రెండు దగ్గర ఫ్యాన్లు లేచాయి, ముప్పై ఆరు దగ్గర పంపు లేచింది. అందరూ చూస్తుండగా మూడుసార్లు చేశాను. మూడుసార్లూ సరిగ్గా నడిచింది.

"పెట్టె మంచిగనే ఉంది గదా?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఉంది," అన్నాను.

ఆయన ఆమె చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. పేజీ తిప్పి చూసి నా ముందుకి చాచాడు. "మీరు లెక్కల మనిషి అంటరు. గిది జూడుండ్రి."

నాలుగు అంకెలు. నాలుగూ ఒకటే. దశాంశంతో సహా.

నాకు అంకెలమీద ఒక నమ్మకం ఉండేది, ఇప్పటికీ ఉంది. గాలిలో వేడి గంటన్నరపాటు దశాంశం దగ్గర కదలకుండా నిలబడదు. ముప్పై ఆరు పాయింట్ రెండు అవుతుంది, ఏడు అవుతుంది, ఒక చిన్న గాలి తెరకే మారుతుంది. చూసి రాసిన అంకెలు ఎప్పుడూ కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఎక్కడో కూర్చుని రాసినవి మాత్రమే ఇంత నున్నగా ఉంటాయి. మీటర్ రీడింగులు ఇంటిదగ్గర రాసుకొచ్చే మనుషుల్ని ఈ గుర్తుతోనే నేను రెండుసార్లు పట్టుకున్నాను. ఆ గొప్ప నాలో ఉంది.

"ఇవి చూసి రాసినవి కావు," అన్నాను.

గోతిలో పార ఆగింది.

ఆమె నా ముఖంలోకి చూసింది. "సారు, నేను నిలబడి జూసి రాసిన. మీరు జెప్పినట్టే రాసిన."

"గంటన్నర ఒకటే అంకె ఉండదు చెల్లె."

"ఉంది సారు. గట్లనే ఉంది."

సూపర్‌వైజరు పుస్తకం మూసేశాడు. "షెడ్డు ఇడిసిపెట్టి ఇద్దరు గుర్రుపెట్టి పన్నరు. లేచినంక నాలుగు అంకెలు గీకిండ్రు. ఇంకేముంది," అన్నాడు. భర్త చేతిలో అప్పటికీ నీళ్ళ పైపు ఉంది, దాని చివర మట్టిలో పడి ఉంది.

సూపర్‌వైజరు రాసిన కాగితం మీద సాక్షిగా సంతకం పెట్టాను. యజమాని వ్యాన్‌లో నా భుజం తట్టాడు. చాచా వెనక సీట్లో కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

తొమ్మిదో రోజు ఆదివారం. మాకూ మేడ్చల్ అవతల రెండెకరాలు, ఒక బోరు ఉన్నాయి. మధ్యాహ్నం మోటారు గదిలో కూర్చుని ఉన్నాను. మా దగ్గర పొలాలకి త్రీఫేజ్ కరెంటు విడతలుగా ఇచ్చేవాళ్ళు, ఎప్పుడు వస్తుందో కచ్చితంగా తెలియదు. అందుకని ప్రతి రైతూ మోటారుకి ఆటో స్టార్టర్ పెట్టుకునేవాడు. కరెంటు రాగానే మనిషి లేకుండా మోటారు దానంతటదే లేస్తుంది. మా మోటారుకి నేనే బిగించాను. చుట్టుపక్కల ముప్పై మోటార్లకి కూడా నేనే బిగించి ఉంటాను.

ఒంటిగంట దాటాక కరెంటు వచ్చింది. స్టార్టర్ టక్కుమంది. మా ఒక్కటే కాదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకే క్షణంలో లేచాయి. తలమీద బల్బు ఎర్రటి తీగలా మిగిలింది. రెండు, మూడు, నాలుగు సెకన్లు. తర్వాత మళ్ళీ తెల్లబడింది.

ఆ బల్బు అలా ఎర్రబడటం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. కొన్ని వందలసార్లు చూసి ఉంటాను. కరెంటు ఉండటం, కరెంటు పోవడం, ఈ రెండే నేను తెరమీద పరీక్షించాను. సగం కరెంటు నా అరవై మూడింటిలో లేదు.

ఎందుకు లేదో చెబుతాను. చిప్‌కి నలభై కాళ్ళని చెప్పాను కదా. ఆ సాఫ్ట్‌వేర్ బొమ్మలో ముప్పై ఎనిమిదే కనపడేవి. కరెంటు తీసుకునే రెండు కాళ్ళను అది దాచిపెట్టి, లోలోపల తానే ఐదు వోల్టులు ఇచ్చుకునేది. గీసేవాడికి శ్రమ తగ్గాలని చేసిన సదుపాయం. కావాలంటే తెరిచి మార్చుకోవచ్చు. నేను తెరవలేదు. కనపడని కాళ్ళని గురించి అడగాలని నాకు తోచలేదు.

సోమవారం పొద్దున షెడ్డు నుంచి ఊడదీసి తెచ్చిన ఆ పెట్టెనే బల్లమీద పెట్టాను. పక్కన చాచా ఉన్నాడు. వోల్టేజీ తగ్గించే డిమ్మర్ మీదుగా కరెంటు ఇచ్చి, వేడిముక్కను గోరువెచ్చని నీళ్ళలో పెట్టి, నడవనిచ్చాను. పంపు ఆగి ఉన్న ఎనిమిది నిమిషాల మధ్యలో డిమ్మర్‌ని కిందకి తిప్పి, మూడు సెకన్లు ఉంచి, పైకి తెచ్చాను. మొదటి రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారి గాజు తెరమీద అంకె ముప్పై ఆరు పాయింట్ తొమ్మిది దగ్గర నిలిచిపోయింది. ఫ్యాన్‌ని నడిపే స్విచ్చు, అంటే రిలే, పట్టుకునే ఉంది, పంపు రిలే వదిలేసే ఉంది. మరుగుతున్న నీళ్ళు గ్లాసులో పోశాను. అంకె కదలలేదు. చిప్ స్పృహ తప్పింది, గాజు తెర మాత్రం దాని చివరి మాటను పట్టుకుని కూర్చుంది. పది నిమిషాలు చూశాం.

చాచా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గా పిల్ల నిజమే రాసింది బేటా," అన్నాడు.

ఆ నాలుగు అంకెలు ఒకేలా ఉండటమే వాళ్ళు నిలబడి చూశారనడానికి రుజువు. కల్పించి రాసేవాళ్ళు ఒకటి రెండు అటూఇటూ మార్చి రాసేవాళ్ళు. లెక్కలు తెలిసినవాణ్ణి కాబట్టే నేను పొరపడ్డాను. తెలియనివాడెవడైనా ఆ పుస్తకాన్ని నమ్మేవాడు.

యజమాని దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు, మధ్యలో అడ్డు రాలేదు.

"దీనికి మందు ఉందా?"

"ఉంది సార్. వోల్టేజీ తగ్గితే చిప్‌ని ఆపి మళ్ళీ మొదటినుంచి లేపే చిన్న ముక్క ఒకటి ఉంటది. మూడు కాళ్ళు."

"మిగిలిన ఇరవై రెండు పెట్టెలకు పెట్టెయ్. సర్వీసు అని చెప్పు."

"ఆ షెడ్డు వాళ్ళకి..."

"తమ్మీ, నువ్వు కాయితం రాసిస్తవ్. కంపెనీ మన మీద కేసు ఏస్తది. ఇరవై రెండు పెట్టెలు వాపస్ వస్తయ్. గీ ఎనిమిది ఇండ్లు ఏం తినాలె? గా ఇద్దరికి ఇంకో షెడ్డు దొరుకుతది. ఆగు కొన్ని దినాలు."

నేను ఆగాను. ఎనిమిది ఇళ్ళు ఒకవైపు, ఒక ఇల్లు ఒకవైపు పెట్టి తూచాను. తూకం ఎటు మొగ్గాలో నాకు ముందే తెలుసు, ఎందుకంటే ఆ ఎనిమిదిలో ఒకటి నాది. మూడు వారాల్లో ఇరవై రెండు పెట్టెలకీ మూడు కాళ్ళ ముక్క బిగించాం. వాటిలో ఒక్కటి కూడా మళ్ళీ ఆగలేదు.

వాళ్ళకి ఇంకో షెడ్డు దొరకలేదు. కంపెనీ పిల్లల్ని ఇవ్వనంది, ఆసామి కౌలు తీసేశాడు. ఇంకో ఇద్దరు ఆసాములు అడగకముందే తలుపేశారు. ఏడాది తర్వాత శామీర్‌పేట క్రాస్‌రోడ్ దగ్గర హోటల్లో టీ తాగుతున్నాను. భర్త సైకిల్ మీద వెళ్తున్నాడు. బెంచీ మీద కూర్చున్న ఒకడు కేకేశాడు.

"ఏమే ముప్పయారు, టైమెంతయింది?"

పక్కవాడు అందుకున్నాడు. "ముప్పయారు పాయింట్ నాలుగు. పొద్దున గూడ గంతే, రేపు గూడ గంతే."

హోటలంతా నవ్వింది. ఆయన సైకిల్ ఆపలేదు, తల తిప్పలేదు. గుండ్లపోచంపల్లి దగ్గర గోదాములో రాత్రి కాపలా పని అడిగితే, "నువ్వు పండుకుంటవంట గదనే" అని పంపేశారని తర్వాత తెలిసింది. చివరికి అదే గోదాములో బస్తాలు మోసే పని దొరికింది. ఊళ్ళో ఆయన అసలు పేరు మానేసి ముప్పయారు అనడం అలవాటైంది. రేషన్ దుకాణంలో కూడా అలాగే పిలిచేవాళ్ళట. ఆ హోటల్లో నేను లేచి ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. టీ డబ్బులు ఇచ్చి బయటికి వచ్చాను.

ఇంకో మూడేళ్ళకి వర్క్‌షాపు భూమికి మేం చేసే పెట్టెలకన్నా ఎక్కువ ధర వచ్చింది. యజమాని ప్లాట్లు చేసి అమ్మాడు. ఎనిమిది ఇళ్ళవాళ్ళం ఎటువాళ్ళం అటు పోయాం. ఇక తూచడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు. అప్పుడు ఒక కాగితం రాశాను. తప్పు పెట్టెది, పెట్టె తయారుచేసిన నాది, ఆ పుస్తకంలో ప్రతి అంకె నిజం అని. సంతకం పెట్టి వాళ్ళింటికి తీసుకెళ్ళాను. చాచా నాతో వచ్చాడు.

ఆమె ఒక్కతే ఉంది. నర్సరీలో కూలికి పోయి వచ్చినట్టుంది, చేతులకి ఎర్రమట్టి ఉంది. జరిగింది మొదటినుంచి చెప్పాను. ఎర్రబడిన బల్బు, నిలిచిపోయిన అంకె, తొమ్మిదో రోజు. తర్వాత నాలుగేళ్ళు. ఆమె కాగితం తీసుకుని మొత్తం చదివింది. మడిచి నాకే ఇచ్చింది.

"నాలుగేండ్ల సంది ఎరికేనా నీకు?"

"ఎరికే."

"మీరు" పోయి "నువ్వు" వచ్చిందని గమనించాను. అది న్యాయమే.

"కాయితం నేను సదువుత. ఊరు సదువుతదా?" అంది. "గోతికాడ నోటితోనే అన్నవ్. గా దినం ఎంతమంది ఇన్నరో అంతమందికి నోటితోనే చెప్పు. ఒక్కొక్కలి ఇంటికి పోయి చెప్పు. పైసలు గిట్ల తెచ్చినవా ఏంది?"

తెచ్చాను. జేబులో ఉన్నాయి. తీయలేదు.

"తెస్తే తీస్కపో," అంది. "గా అంకెలు నేను రాసినయ్. కానీ పేరు ఆయనకు పడ్డది. గది తీసెయ్."

బయటికి వచ్చాక చాచా నాతో కాసేపు నడిచాడు. "గంతమందిని యాడ దేవులాడుతవ్ బేటా?" అన్నాడు. నా దగ్గర పట్టిక ఉందని చెప్పాను. ఆయన నవ్వలేదు.

పద్నాలుగు మంది. యజమానికీ చాచాకీ ముందే తెలుసు, ఆమెకి ఆ రోజు చెప్పాను. మూడు పోగా పదకొండు. షెడ్డు ఆసామి రియల్ ఎస్టేట్ ఆఫీసులో దొరికాడు. మొత్తం విని, "అట్లనా, పాపం," అని ఫోన్ ఎత్తాడు. సూపర్‌వైజరు మేడ్చల్ హైవే మీద దాణా దుకాణం పెట్టుకున్నాడు. "నువ్వు చెప్తేనే గద నేను రాసిన," అన్నాడు. అదీ నిజమే. డాక్టరుకి చెప్పడానికి కరీంనగర్ దాకా బస్సులో వెళ్ళాను. ఆయనకి ఆ షెడ్డే గుర్తులేదు, గుర్తుచేసి మరీ చెప్పాను. పక్క షెడ్లవాళ్ళు నలుగురిలో ముగ్గురికి చెప్పాను. వాళ్ళలో ఒకాయన "మేం గూడ నవ్వినం గదా," అన్నాడు. నాలుగో ఆయన నేను వెళ్ళడానికి ఎనిమిది నెలల ముందు పోయాడు. గోతులు తవ్విన ముగ్గురిలో ఇద్దరు దొరికారు. మూడోవాడు పనికోసం కుటుంబంతో ఎటో వెళ్ళాడు. వాడి అన్నకీ తెలియదు.

పోయినాయన్ని లెక్కలోంచి తీసెయ్యవచ్చా అని ఆమెను అడిగాను. నాకు లెక్క మూయాలనే ఆత్రం ఉంటుంది.

"ఎట్ల తీస్తవ్?" అంది. "గాయన మావోన్ని పండుకున్నోడనే అనుకుంట సచ్చిపోయిండు గదా."

మిగిలింది భర్త. ఆయన కూడా ఆ రోజు విన్నవాడే, అందరికంటే దగ్గర నిలబడి విన్నాడు. భార్య చెప్పే ఉంటుంది, కానీ నా నోటితో వినలేదు. గోదాము గేటు దగ్గర భోజనం వేళ చాలాసార్లు ఎదురుచూశాను. గోడ నీడలో టిఫిన్ మూత తీసి కూర్చుని ఉంటాడు. నన్ను చూసి మొదట్లో కూర్చోమనేవాడు కూడా. నేను "ఆ రోజు" అని మొదలుపెట్టగానే మూత పెట్టేస్తాడు.

"టైమైతాంది సారు," అంటాడు. లేచి, తువ్వాల తలకి చుట్టుకుని, బస్తాల దగ్గరికి వెళ్ళిపోతాడు. సగం తిన్న డబ్బా గోడ పక్కనే ఉండిపోతుంది. నావల్ల ఆయన భోజనం పాడవుతోందని తెలిశాక వెళ్ళడం తగ్గించాను. ఏడాదికి ఒకసారి వెళ్తాను. పోయిన నెల వెళ్ళాను, ఈసారి నోరు తెరవకముందే లేచాడు.

పద్నాలుగు మందిలో పదకొండు మందికి చెప్పాను. ఒకరు లేరు, ఒకరు ఎక్కడున్నారో తెలియదు, ఒకరు వినరు. ఈ రోజుకి నా బాకీ మూడు.